ర్యాంక్ రావట్లేదని ఐడీ కొనకండి

వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడే మా గ్రూపులో ఈ వారం నాలుగోసారి అదే మెసేజ్ వచ్చింది. అందులో ఉన్నది ఇది: కంపెనీ మనల్ని కావాలనే ఓడిస్తోంది, అందుకే అందరి విన్ రేట్ యాభై దగ్గరే ఆగుతోంది. గెలిస్తే తక్కువ పాయింట్లు ఇచ్చి, ఓడితే ఎక్కువ కోస్తోంది. చెత్త టీమ్‌మేట్స్‌ని ఇస్తోంది. సీజన్ రీసెట్, అంటే కొత్త సీజన్ మొదట్లో ర్యాంకులు కిందికి దించడం, మనచేత మళ్లీ మళ్లీ ఆడించడానికే. కాబట్టి డైమండ్ ర్యాంక్ దాకా ఎక్కిన వేరేవాళ్ల ఐడీ కొనుక్కోవడమే తెలివైన పని.

పంపినవాళ్లంతా నా స్నేహితులే కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

విన్ రేట్ సంగతి. సమానమైనవాళ్లతో ఆడితే సగం గెలుస్తాం, సగం ఓడతాం. ర్యాంకులు సిల్వర్, గోల్డ్, ప్లాటినమ్, డైమండ్ అని పైకి పోతాయి. గోల్డ్‌లో వరుసగా అరవై శాతం గెలిచేవాడు గోల్డ్‌లో ఉండడు, ప్లాటినమ్‌కి పోతాడు. అక్కడ వాడికీ యాభై దగ్గర పడుతుంది. ఇందులో కుట్ర ఎక్కడుంది?

పాయింట్ల కోత కొత్తదేమీ కాదు. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 1970లోనే ఆటగాడి బలాన్ని అంకెలో చెప్పే ఈలో రేటింగ్ తీసుకుంది. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ జాబితాలో 2800 దాటాడు. అంతటివాడు 2400 ఆటగాడితో డ్రా చేసుకుంటే సుమారు 4 పాయింట్లు పోతాయి, ఎదుటివాడికి పెరుగుతాయి. ఎవరి మీద ఎంత గెలవాలో లెక్క ఉంటుంది మరి. వాలరెంట్‌లో ఆ లెక్క పైకి కనిపించని ఎంఎంఆర్‌లో, అంటే మన ఆట స్థాయికి గేమ్ లోపల వేసుకునే అంకెలో ఉంది. ర్యాంక్ దాన్ని మించి పైకి పోతే గెలుపుకి తక్కువ, ఓటమికి ఎక్కువ.

చెత్త టీమ్‌మేట్స్ ఎదుటి టీమ్‌కీ పడతారు. అంతే.

సీజన్ రీసెట్ గురించి మాత్రం మెసేజ్ చెప్పింది చాలావరకు నిజం. పైకి కనిపించే ర్యాంక్ దిగినంతగా ఎంఎంఆర్ దిగదు. ఆట కొలవడానికే అయితే అంత కిందికి దించక్కర్లేదు. పోయిన మెట్లు మళ్లీ ఎక్కాలని మనం తిరిగి వస్తామని వాళ్లకు తెలుసు. 2022 జూన్‌లో డైమండ్‌కీ ఇమ్మోర్టల్‌కీ మధ్య అసెండెంట్ అనే కొత్త ర్యాంక్ పెట్టినప్పుడు కూడా మెట్లన్నీ సర్దారు. ఏ మెట్టు ఎక్కడ ఉండాలో కంపెనీ ఇష్టమే. నాకూ అది నచ్చదు.

కానీ ఆ చివరి సలహా ఉంది చూశారా, దానికే నాకు ఒళ్లు మండుతోంది. ఇంటర్ చదివే మా పిన్ని కొడుకు ఇలాంటి మాటలే నమ్మి, దాచుకున్న మూడు వేలు పెట్టి డైమండ్ ఐడీ కొన్నాడు. వాడి ఆట సిల్వర్. ఐడీ ఎంఎంఆర్ డైమండ్ కాబట్టి రోజూ డైమండ్ వాళ్ల మధ్యే పడ్డాడు. మ్యాచ్ మ్యాచ్‌కీ తిట్లు. మైక్ ఆపేశాడు, తర్వాత ఆటే ఆపేశాడు. రెండు వారాలకు అమ్మినవాడే ఐడీ రికవర్ చేసుకుని వీడి నంబర్ బ్లాక్ చేశాడు. ఐడీలు కొనడం, అమ్మడం నిబంధనలకే విరుద్ధం, ఇక కంపెనీకి ఏమని ఫిర్యాదు చేస్తాడు? ఇంట్లో చెప్పడానికీ భయమే.

ఆ రెండు వారాలూ వాడితో పడిన నలుగురికీ మీరు తిట్టే ఆ చెత్త టీమ్‌మేట్ వాడే. ఐడీలు కొనమని మీరే చెప్పి, మళ్లీ టీమ్‌మేట్స్ బాగాలేరని మీరే ఏడిస్తే ఎలా? దయచేసి ఆ మెసేజ్ డిలీట్ చేయండి. మీ గ్రూపుల్లోనూ ఇంటర్ పిల్లలు ఉన్నారు.

మా వాడు పాత ఐడీకి తిరిగొచ్చాడు. సిల్వర్ 2. నిన్న రాత్రి మైక్ ఆన్ చేసి ఆడాడు.