సీపీఆర్ బొమ్మ గారికి ఒక క్యాజువాలిటీ నర్సు నమస్కారాలు

మహారాజశ్రీ మన ఎమర్జెన్సీ నర్సుల అసోసియేషన్ వారి సీపీఆర్ బొమ్మ గారి సముఖమునకు,

ఆర్యా,

మొన్న ఆదివారం హనుమకొండ ఫంక్షన్ హాల్లో జరిగిన వార్షిక సభలో, ఆగిన గుండెను ఛాతీ నొక్కి నడిపించే సీపీఆర్‌ను నేర్పడానికి పుట్టిన తమరి దర్శనం అయింది. దర్శనమే అయింది, తాకే భాగ్యం దక్కలేదు. వేదిక మీద ముఖ్య అతిథి గారి కుర్చీ పక్కనే ఇంకో కుర్చీలో, భుజాల మీద శాలువా, మెడలో దండ, ఒంటి మీద కొన్ననాటి ప్లాస్టిక్ కవరు చెక్కుచెదరకుండా తమరు కొలువుదీరిన తీరు చూడ్డానికి రెండు కళ్లూ చాలలేదు. నైట్ డ్యూటీ దిగి నేరుగా బస్సెక్కి వచ్చాను కాబట్టి ఉన్న రెండూ సగమే తెరుచుకున్నాయి, అది వేరే సంగతి.

సభ పదింటికి అన్నారు. ముఖ్య అతిథి గారు బగారా అన్నం గిన్నెల మూతలు తీసే వేళకు వచ్చారు. అప్పటిదాకా మైకు "హలో, చెక్" అంటూనే ఉంది. తర్వాత సెక్రటరీ గారు ఏడాది ప్రగతి నివేదిక చదివారు. పేరాకోసారి తమరి ప్రస్తావన వచ్చింది. "మన అసోసియేషన్ చరిత్రలో తొలిసారిగా అత్యాధునిక సీపీఆర్ శిక్షణ బొమ్మను సమకూర్చుకున్నాం" అన్నప్పుడు చప్పట్లు మోగాయి. "ఏడాది పొడవునా దానికి ఎలాంటి నష్టం కలగకుండా కాపాడుకున్నాం" అన్నప్పుడు ఇంకా గట్టిగా మోగాయి. నేనూ కొట్టాను. కొట్టకపోతే నిద్ర వచ్చేస్తుంది.

కొట్టిన చేతులు దించాక ఆ రెండో వాక్యం అర్థమైంది. అప్పటి నుంచి నాకు మంటగా ఉంది.

నిరుడు చందా వసూలు చేసినప్పుడు మాకు చెప్పిన మాట తమరికి తెలియదేమో. అప్పటికి తమరింకా అట్టపెట్టెలోనే ఉన్నారు. బొమ్మ కొంటాం, ఆసుపత్రి ఆసుపత్రికీ తిప్పుతాం, ఒక్కోచోట వారం ఉంటుంది, డ్యూటీలో కాస్త తీరిక దొరికినప్పుడల్లా నొక్కి చేయి తిప్పుకోండి అన్నారు. నర్సంపేట, పరకాల, భూపాలపల్లి, ములుగు, ఏటూరునాగారం అంటూ గ్రూపులో రూటు కూడా పెట్టారు. మేడారం జాతర లోపల అడవి వైపు ఆసుపత్రుల్లో అందరికీ ఒక రౌండు అయిపోవాలని తీర్మానం. జాతరకు సమ్మక్క, సారలమ్మ తల్లులు గద్దెలెక్కారు, భక్తులకు దర్శనమిచ్చారు, వనప్రవేశం కూడా చేశారు. తమరు మాత్రం చేసిన బీరువా ప్రవేశం చేసినట్టే ఉన్నారు.

తమరి వంశం సామాన్యమైంది కాదు. 1960లో నార్వేలో ఆట బొమ్మలు చేసే ఆస్మండ్ లేర్డాల్ అనే ఆయన తమరి మూలపుటమ్మను తయారుచేశాడు. ఆమెను యాన్ అంటారు. ఆమెకు పెట్టిన మొహం పేరు తెలియని ఒక అమ్మాయిది. పారిస్‌లో సేన్ నదిలో పడి చనిపోయిందని చెప్పుకుంటారు. ఆమె మొహానికి తీసిన అచ్చు యూరప్‌లో ఎంతోమంది ఇళ్ల గోడలకు వేలాడేది. అదే 1960లో అమెరికాలో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు, ఛాతీ కోయకుండా పైనుంచి నొక్కే ఆగిన గుండెను నడిపించవచ్చని రాశారు. నీళ్లలో పోయిన ఆ పిల్ల మొహం మీద వంగి లోకంలో కోట్ల మంది ఊపిరి ఊదడం నేర్చుకున్నారు. బతికుండగా ఆమెకు దక్కని ఊపిరి.

అంతటి వంశంలో పుట్టిన తమరి ఛాతీ మీద ఏడాదిలో పడ్డ చేతులు ముఖ్య అతిథి గారివి మాత్రమే. అదీ ఫొటో కోసం. కవరు మీంచి, మోచేతులు వంచి, కెమెరా వైపు నవ్వుతూ. ఫొటోగ్రాఫర్ "సార్, అట్లనే ఉండుండ్రి" అన్నాడు. సార్ అట్లనే ఉన్నారు. తమరు ప్లాస్టిక్ కాబట్టి సరిపోయింది గానీ, మనిషైతే ఆ ఫొటో దండ వేయడానికి పనికొచ్చేది.

నివేదికలో మిగతా ప్రగతిని కూడా తక్కువ చేయను. మే 12న నర్సుల దినోత్సవానికి కేకు కోశాం, దీపాలు పట్టుకుని ప్రమాణం చేశాం, క్యాజువాలిటీలో ఉన్నవాళ్లు రాలేకపోయారు. స్టాఫ్ నర్సు అనే పేరు పోయి నర్సింగ్ ఆఫీసర్ అయ్యాం. దాన్నీ అసోసియేషన్ తన ఖాతాలోనే రాసుకుంది. ఆఫీసరమ్మను "ఓ సిస్టర్, సెలైన్ అయిపోయింది" అనే పిలుస్తున్నారు. ఆసుపత్రి సిబ్బంది మీద చేయి చేసుకుంటే మూడేళ్ల జైలు, 50 వేల జరిమానా అనే 2008 చట్టం బోర్డులు పంచారు. మా దగ్గర ఆ బోర్డు కిందే నిలబడి తిడతారు, అక్కడ ఫ్యాను ఉంది కాబట్టి. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పూల గురించి నివేదికలో ఎందుకు రాయలేదో తెలియలేదు. నిజంగా రోజూ జరిగిన కార్యక్రమం అదొక్కటే.

సభ ముగిశాక వేదిక ఎక్కాను. "మేడం, ఒక్కసారి నొక్కి చూస్తా" అని అడిగాను. ట్రెజరర్ మేడం నా చేయి పట్టుకున్నారు, ప్రేమగానే. "వద్దురా బిడ్డా, కవర్ చినుగుతది. స్ప్రింగు పోతే ఎవరిది జవాబుదారి? రిజిస్టర్ల నా సంతకం ఉన్నది" అన్నారు.

ఆమెను తిట్టబుద్ధి కాలేదు. ఎన్నో ఏళ్లు వార్డు స్టోరు తాళంచెవులు నడుముకు కట్టుకుని తిరిగిన మనిషి. పగిలిన థర్మామీటరుకు సంజాయిషీ రాసి, కనబడని కత్తెరకు జీతంలో కోత పెట్టించుకుని రిటైరయ్యారు. మన స్టాక్ రిజిస్టరులో వచ్చినవి, పోయినవి, మిగిలినవి అని గడులుంటాయి. వాడినవి అనే గడి ఉండదు. వస్తువు విరిగితే కండెమ్ చేయించాలి, అంటే పనికిరాదని రాయించాలి, దానికో కమిటీ, దానికో ఫైలు. విరగకుండా మూలకు పడి ఉంటే ఏ గొడవా లేదు. ఆడిటుకు వచ్చిన సారు "ఉందా?" అని అడుగుతాడు గానీ "అరిగిందా?" అని అడిగింది నేనింతవరకు వినలేదు. అందుకే గొంతులో కఫం లాగే కొత్త సక్షన్ మిషన్ గుడ్డ కప్పుకుని పడుకుంటుంది, పాతది దగ్గుకుంటూ డ్యూటీ చేస్తుంది. గుండె నొప్పి అని వచ్చినవాళ్లకు పది నిమిషాల్లో ఈసీజీ తీయాలని గోడ మీద రాసి ఉంటుంది, ఈసీజీ ఉన్న గది తాళం ఎవరి జేబులో ఉందో మాత్రం రాసి ఉండదు.

తమరు అరగడానికే పుట్టారు ఆర్యా. కొన్నాళ్లకు స్ప్రింగు వదులవ్వాలి, మొహం తోలు మార్చాలి, ఊపిరితిత్తుల సంచులు చిరిగితే కొత్తవి వేయాలి. ఆ సంచులు తమరి బ్యాగు జిప్పులోనే ఉన్నాయి, సీలు కూడా తీయలేదు. తమరిని నష్టం కలగకుండా కాపాడటమంటే నష్టమంతా మాకు మళ్లించడమే.

సీపీఆర్ గురించి మాకు తెలియదని కాదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గొద్దు, 6 దాటొద్దు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. 30 నొక్కులకు 2 ఊపిర్లు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, మారేటప్పుడు పది సెకన్లకు మించి ఆగొద్దు. నిద్రలో లేపి అడిగినా చెప్తాం. కానీ 5 సెంటీమీటర్లంటే ఎంతో నోటికి తెలిస్తే చాలదు కదా, చేతికి తెలియాలి. దిండు మీద నొక్కి చూశాం, దిండు దిగుతుంది గానీ లేవదు. తమరి ఛాతీ సరైన లోతుకు వెళ్తే టక్ మంటుంది. వెళ్లకపోతే అనదు. తల వెనక్కి వంచి గడ్డం ఎత్తితే తప్ప తమరి సంచిలోకి గాలి పోదు. హోదా చూసి మార్కులు వేయని పంతులు తమరొక్కరే. ఆ టక్ వినడానికే నేను చందా కట్టింది.

నర్సింగ్ చదివేటప్పుడు క్లాసంతటికీ ఒక బొమ్మ. క్యూలో నిలబడి తలా నాలుగు నొక్కులు నొక్కాం. ఆ తర్వాత సీపీఆర్ నేర్పే బీఎల్ఎస్ కోర్సుకు పోవాలంటే సెలవు దొరకాలి, ఫీజు మన జేబులోంచి, కార్డు గడువు రెండేళ్లు. చేతికి వచ్చిన నేర్పు మాత్రం అన్నాళ్లు ఆగదు. నొక్కకుండా వదిలేస్తే కొన్ని నెలల్లోనే జారిపోతుంది.

ఆ మధ్య వానాకాలంలో ఒక రాత్రి 108 వచ్చింది. పొలంలో మోటారు స్టార్టర్ డబ్బా దగ్గర కరెంటు కొట్టిన మనిషి. బండిలోని టెక్నీషియన్ దారి పొడుగునా నొక్కుతూనే ఉన్నాడు, స్ట్రెచరు దించుతున్నా ఆపలేదు. శిక్షణ అయ్యాకే 108 వాళ్లను బండెక్కిస్తారు. మాకేమో ఎక్కాక నేర్చుకోమంటారు. ఆ రాత్రి నాతో ఉన్నది కొత్తగా చేరిన పిల్ల. నేను నరానికి లైను పెట్టి అడ్రినలిన్ మందు ఎక్కించే పనిలో ఉంటే, డాక్టరు గారు ఊపిరి కోసం గొంతులోకి ట్యూబు వేస్తుంటే, నొక్కడం ఆమె వంతు అయింది. పొట్టి పిల్ల, స్టూలు లాగి ఎక్కించాం. వీపు కింద బోర్డు పెట్టాం. బొమ్మ కాని నిజం మనిషి ఛాతీ మీద ఆమె చేతులు పడటం అదే మొదటిసారి. చెమటలు కారుతున్నా మారనంది.

ఆయన దక్కలేదు. భార్య గోడకు తల కొట్టుకుంటుంటే పట్టుకోవడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది.

తెల్లారాక చేతులు కడుక్కుంటూ ఆ పిల్ల అడిగింది: "అక్కా, నేను సరిగ్గనే నొక్కిన్నా?"

ఏం చెప్పను? ఆయనకు తగిలిన కరెంటుకు ఎవరు నొక్కినా అంతే అయ్యేదేమో. కానీ ఆమె అడిగింది అది కాదు. లోతు సరిపోయిందా అని అడిగింది. నా కళ్లు మానిటరు మీద, సిరంజి మీద ఉన్నాయి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది నువ్వొక్కదానివే. ఆ రాత్రి నువ్వు హనుమకొండలో బీరువాలో ఉన్నావు. కవర్లో ఉన్నావు. నీకు నష్టం కలగలేదు.

తమరు, ఆర్యా అనడం ఇక నా వల్ల కాదు. నీతోనే ఎందుకు పోట్లాడుతున్నానంటే, వాళ్లతో పోట్లాడితే "వచ్చే ఏడాది ప్రగతి నివేదికలో పెడదాం" అంటారు. 2023లో హైదరాబాద్ రోడ్డు మీద ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన పడిపోయిన మనిషి ఛాతీ నొక్కి బతికించిన వీడియో మనందరం చూశాం, అసోసియేషన్ గ్రూపులో దానికి చేతులెత్తి దండాలు పెట్టాం. ఆయనకు చేతనైంది రోడ్డు మీద చేశాడు. రోజూ అదే పని చేయాల్సిన మేము వీడియోలో చూసి నేర్చుకుంటున్నాం. సిగ్గు ఎవరికి ఉండాలి? నీకైతే కాదు. నీకు గొంతు లేదు, కాళ్లు లేవు, నడుము కింద అసలేమీ లేదు. అయినా ఆ వేదిక మీద కూర్చున్న వాళ్లందరిలో పనికొచ్చే దానివి నువ్వే అనిపించింది. ఆ కవరు కింద మొహం చూస్తే, శాలువా బరువుకు ఒక పక్కకు ఒరిగిన మెడ చూస్తే, జాలి కూడా వేసింది.

వచ్చెయ్. తాళంచెవి ట్రెజరర్ మేడం హ్యాండ్‌బ్యాగులో, కళ్లద్దాల డబ్బా కింద ఉంటుందట. హనుమకొండ బస్టాండులో ములుగు బస్సెక్కు. ఆడవాళ్లకు ఉచిత బస్సు మహాలక్ష్మి పథకంలో జీరో టికెట్ ఇవ్వమంటే కండక్టర్ ఆధార్ అడుగుతాడు, కాబట్టి లగేజీ టికెట్ తీసుకుందాం, డబ్బులు నేనిస్తా. సీటు దొరకదు. మాకూ దొరకదు. శాలువా అక్కడే వదిలెయ్, ఉక్కపోస్తుంది. స్పిరిట్ దూది ఇక్కడ ఉంది, ఒకరు ఊదాక మొహం తుడిచి ఇంకొకరికి ఇస్తాం. మా దగ్గర నీకు కుర్చీ ఉండదు, డ్రెస్సింగ్ రూములో నేల మీదే. నైట్‌లో నొక్కుతాం, పొద్దున షిఫ్టు మారేటప్పుడు నొక్కుతాం. మొదట ఆ పిల్ల నొక్కుతుంది, రెండు నిమిషాలు, ఆపకుండా. వార్డుబాయ్ నొక్కుతాడు, సెక్యూరిటీ తాత కూడా అడుగుతున్నాడు. వచ్చే సభ నాటికి నీ స్ప్రింగు పోయి ఉండాలి. పోతే రిజిస్టర్లో మేడం సంతకం కొట్టేసి నాది పెట్టమను. జీతంలో కోస్తే కోసుకోమను.

ఇట్లు,
నిరుటి చందా కట్టి, ఈ ఏటి చందా ఇంకా కట్టని,
ఒక నర్సింగ్ ఆఫీసర్