సవరణ: ఆ 7,500 కిలోలు సరుకు బరువు కాదు

చీనీకాయల లోడుకు పికప్ చాలక, దాన్ని మార్చి పెద్ద పాత డీజిల్ బండి కొనాలనుకునే మన అనంతపురం రైతుల కోసం మొన్న ఒక పోస్ట్ పెట్టాను. ఏడున్నర టన్నుల సరుకు మోసే బండి దాకా కారు లైసెన్స్‌తోనే నడపొచ్చని అందులో రాశాను. అది తప్పు.

మోటారు వాహనాల చట్టంలోని 7,500 కిలోల పరిమితి బండి సొంత బరువు, లోడు కలిపిన మొత్తానిది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఎల్‌ఎంవీ లైసెన్స్ (తేలిక వాహనాలది, అంటే కారు లైసెన్స్) చాలుతుందని చెప్పింది కూడా ఆ మొత్తానికి లోబడిన బండ్లకే. దాటితే పెద్ద బండి లైసెన్స్ ఉండాల్సిందే. లేకుండా నడిపి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పెద్ద చిక్కు. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆర్‌సీ చేతికి తీసుకుని, లోడుతో కలిపిన బరువు ఎంత రాసుందో చూడండి. "ఎన్ని టన్నులైనా లాగేస్తుందన్నా" అనే మాట నమ్మొద్దు.

ఇంకోటి, ఇది మొన్న రాయలేదు. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని పికప్‌కు పర్మిట్ అక్కర్లేదు, అది దాటిన బండికి కావాలి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటా చేయించాలి.

లైసెన్స్ పేరా మార్చాను. ఇంజన్ చూసుకోవడం గురించి రాసింది అలాగే ఉంచాను.