మహారాజశ్రీ ఆక్వేరియం కంట్రోలర్ గారి దివ్యసముఖమునకు

డాలస్ ఉత్తర శివార్లలో ఒక ఇంటి హాల్లో 75 గ్యాలన్ల ఉప్పునీటిని, అందులో కొన్ని పగడాలను, రెండు క్లౌన్ చేపలను పోషిస్తున్న యజమాని (రశీదు మీద మాత్రమే యజమాని) నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరి కుశలం ఆ ఆకుపచ్చ దీపంలో కనిపిస్తూనే ఉంది. నా కుశలం కొలిచే ప్రోబ్, అంటే తమరు నీళ్లలో ముంచే కొలత పుల్ల లాంటిది, ఇంకా ఎవరూ తయారుచేయలేదు కాబట్టి ఆ ఊసు వదిలేస్తున్నాను.

తమరిని, అంటే తొట్టె నీళ్లను కొలుస్తూ హీటర్, పంపుల సాకెట్లను నడిపే ఈ కంప్యూటర్ పెట్టెను, ఇంటికి తెచ్చింది మనశ్శాంతి కోసం. కొట్టులో అమ్మినాయన సరిగ్గా ఆ మాటే అన్నాడు. పగడాలకు కావలసింది నిలకడ. నీళ్లు 25, 26 డిగ్రీల మధ్య ఉండాలి. ఉప్పు వెయ్యికి 35 పాళ్లు ఉండాలి. పీహెచ్ ఎనిమిదికి కాస్త పైన, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) దాని కొలమానమైన డీకేహెచ్‌లో ఎనిమిది తొమ్మిది దగ్గర, కాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాముల చుట్టుపక్కల కదలకుండా కూర్చోవాలి. సముద్రం ఈ పనంతా వైఫై లేకుండానే చేస్తుంది. కానీ మాకు దగ్గరి సముద్రం గాల్వెస్టన్‌లో ఉంది, కారులో నాలుగున్నర గంటల దూరం. అందుకని మధ్యలో తమరు.

విశాఖలో బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉండే మా బావగారు దీన్ని కోరి తెచ్చుకున్న తద్దినం అంటారు. పాపం, ఆ తద్దినం పెట్టుకునే యోగం ఆయనకు లేదు. 2001లో భారత ప్రభుత్వం రాతి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే పులి సరసన, చేర్చింది. సముద్రం పక్కన ఉన్నాయన పగడాన్ని ముట్టుకోకూడదు. సముద్రం లేని చోట ఉన్న నేను దానికి కంప్యూటర్ పెట్టి సేవ చేస్తున్నాను.

వచ్చిన కొత్తలో తమరిని పండుగకు వచ్చిన కొత్త అల్లుడిలా చూసుకున్నాం. తడి తగలని ఎత్తైన చోటు, విడిగా ఒక చెక్క పెట్టె, తీగలు కనబడకుండా సర్దిన గోడ. అలక కూడా వెంటనే మొదలైంది. వెంట వచ్చిన ఉష్ణోగ్రత ప్రోబ్, పీహెచ్ ప్రోబ్ చాలవన్నారు. లవణీయతకు వేరే ప్రోబ్ కావాలి, దాన్ని తగిలించడానికి వేరే మాడ్యూల్ కావాలి. నేల తడిస్తే చెప్పడానికి లీక్ సెన్సర్. పైపులో నీళ్లు పారుతున్నాయో లేదో చూడటానికి ఫ్లో మీటర్. క్షారతను తమరే కొలవాలంటే పక్కన ఇంకో యంత్రం, ఆ యంత్రం తాగే రసాయనాలు ఎప్పటికప్పుడు మళ్లీ కొనాలి. తమరి వెల కన్నా తమరి లాంఛనాల వెల ఎక్కువైంది.

1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన, సూక్ష్మజీవులతో బతికి ఉన్న సముద్రపు రాళ్లు, ఎండ, కాసిని గాలి బుడగలు మాత్రమే పెట్టుకుని తొట్టెలో పగడాలు పెంచే పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో రాశాడు. ఆ సంగతి తమరి ఎదుట ఎప్పుడూ ఎత్తలేదు. ఆయనకు సముద్రం అందుబాటులో ఉందన్నది కూడా నిజమే అనుకోండి.

ఇక తమరి ఘ్రాణశక్తి. జనవరిలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. బయట చలి, కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, లోపల హాలు నిండా జనం. రెండో కథ నడుస్తుండగా నా ఫోను, తమరి జాబితాలో ఉన్న పాపానికి మా ఆవిడ ఫోను, ఒకేసారి అరిచాయి. పీహెచ్ 7.78. ఘోరమేమీ జరగలేదు. వచ్చినవాళ్లు ఊపిరి వదులుతున్నారు, అంతే. ఆ బొగ్గుపులుసు వాయువు స్కిమ్మర్ (నురగతో మురికి తీసే యంత్రం) పీల్చే గాలిలో కలిసి నీళ్లలోకి దిగుతోంది. కథ మధ్యలో భక్తులను ఊపిరి బిగపట్టమని అడగలేను గనుక కిటికీ తెరిచాను. పీహెచ్ ఎక్కింది, పురోహితుడు గారికి జలుబు చేసింది. పగడాలు ఇదంతా పట్టించుకోలేదు. దీపాలు ఆరగానే కిరణజన్య సంయోగక్రియ ఆగి పీహెచ్ దిగడం, పొద్దెక్కాక మళ్లీ లేవడం వాటికి పుట్టుకతో వచ్చిన అలవాటు. అలవాటు కానిది తమరికే. పగలు 8.2, రాత్రి 7.9 అని రోజూ ఒకే గీత గీస్తారు. రోజూ రాత్రి రెండు గంటలకు దాన్ని కొత్తగా కనిపెట్టి నన్ను నిద్రలేపుతారు.

ఆ గీతను సాపు చేయడానికి తమరు ఒక ఉపాయం కూడా సెలవిచ్చారు. పీహెచ్ పడినప్పుడల్లా సున్నపు తేట పోస్తారట. అక్కరలేదు. పీహెచ్ ప్రోబ్ గాజు మొన ఏడాది, ఏడాదిన్నరలో ముసలిదైపోతుంది. నీళ్లలో 8.3 ఉన్నా అది 7.9 అని చెబితే తమరు నమ్ముతారు, నమ్మి పోస్తూనే ఉంటారు. తెల్లవారేసరికి తొట్టె తెల్లబడి ఉంటుంది, తమరి తెర మీద మాత్రం ఇంకా కొంచెం పోయాలని ఉంటుంది. సున్నం పోయాల్సింది గడియారాన్ని చూసి, కొలిచిన క్షారతను చూసి.

అసలు తమరికి నీళ్లు తెలియవు. ప్రోబ్ చెప్పింది తెలుసు. ప్రోబ్‌కు ఏమి తెలుసంటే, పీహెచ్ 7 అనీ 10 అనీ రాసి ఉన్న, సరిచూసుకునే రెండు పొట్లాల ద్రావణం. లవణీయత ప్రోబ్‌కైతే 53 మిల్లీసీమెన్స్ (విద్యుత్ వాహకత కొలత) పొట్లం. ఆ పొట్లం ఎప్పటిదైతే తమరి జ్ఞానం అప్పటిది. లవణీయత ఉన్నట్టుండి 35 నుంచి 31కి పడిందని తమరు గగ్గోలు పెడితే, హాల్లో వాన కురిసిందేమోనని చూడనక్కర్లేదు. ప్రోబ్ సందులో ఒక గాలి బుడగ కూర్చుని ఉంటుంది. దులిపితే సముద్రం తిరిగి వస్తుంది.

బుడగను క్షమించవచ్చు. నత్త సంగతి అలా కాదు. ఆవిరయ్యేది మంచినీళ్లే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది, కాబట్టి రోజూ తగ్గినంత మంచినీళ్లు తిరిగి పోయడం తమరి కొలువులో ఒక భాగం. తమరు నీటిమట్టం తెలుసుకునేది ఫ్లోట్ స్విచ్ ద్వారా, అంటే నీటితోపాటు లేచి దిగే బెండు లాంటి స్విచ్ ద్వారా. బొద్దుగా ఉన్న టర్బో నత్త ఒకటి వెళ్లి దాని మీద కూర్చుంటే ఫ్లోటు పైకి లేవదు. తమరు నీళ్లు తక్కువయ్యాయనుకుని తోడుతూనే ఉంటారు. ఇంత సాంకేతికతను ఓడించడానికి వెన్నెముక కూడా లేని ప్రాణి చాలు. అందుకే పైన రెండో స్విచ్, పంపు ఇన్ని నిమిషాలకు మించి తిరగకూడదన్న ఆంక్ష, వాటికన్నా ముఖ్యంగా చిన్న డబ్బా. మా మంచినీటి డబ్బా 20 లీటర్లు దాటనివ్వను. మొత్తం తొట్టెలో పడినా లవణీయత 33 దాకా దిగుతుంది. చేపలు తిట్టుకుంటాయి, చావవు.

రాజమండ్రి నుంచి వచ్చి మాతో ఆరు నెలలు ఉన్న మా అత్తగారి గురించి తమరి రికార్డుల్లో ఏమీ లేదు, ఆవిడకు సాకెట్ లేదు కాబట్టి. ఒక ఉదయం ఆవిడ కాఫీ గ్లాసుతో తొట్టె ముందు నిలబడి మా ఆవిడతో అన్నారు: "అమ్మాయీ, మీ ఆయన పువ్వు ఇవాళ విచ్చుకోలేదు." పువ్వంటే టార్చ్ కోరల్ అనే పగడం. తమరిని చూస్తే అంతా ఆకుపచ్చే. ఉష్ణోగ్రత బాగుంది, పీహెచ్ బాగుంది, క్షారత రసాయనం పోసే డోసింగ్ పంపు రాత్రంతా వేళకు తిరిగినట్టు, 40 మిల్లీలీటర్లు పోసినట్టు చిట్టా. సీసా, చిన్న రంగు మందు పట్టుకుని చేత్తో పరీక్షిస్తే క్షారత 6.2. గొట్టం చివర రసాయనం గడ్డకట్టి మూసుకుపోయింది. పంపు తిరిగిన మాట నిజం. తిరిగినదల్లా పోసినట్టే అని తమరి లెక్క. దాన్ని శుభ్రం చేసి, క్షారతను రోజుకు కొంచెం చొప్పున పైకి తెచ్చాక పువ్వు విచ్చుకుంది. ఆ ఘనత కూడా తమరి గీతలోనే కలిసిపోయింది.

తమరి వ్యాకరణం గురించి రెండు ముక్కలు. పొట్టకూటికి రోజంతా ప్రోగ్రాములు రాసేవాణ్ణి, ఇంటికి వచ్చాక హీటర్‌కు కూడా ప్రోగ్రాము రాస్తున్నాను. రాసిన షరతులను తమరు పైనుంచి కిందికి చదివి, నిజమైనవాటిలో చివరి వాక్యాన్నే శాసనంగా తీసుకుంటారు. "26.5 దాటితే హీటర్ ఆపు" అన్నది పైన, "రాత్రయితే హీటర్ వెలిగించు" అన్నది కింద ఉంటే రాత్రంతా హీటర్ వెలుగుతుంది. ప్రాణం నిలిపే వాక్యం అన్నిటికన్నా కింద ఉండాలి. ఈ సంగతి తమరి పుస్తకంలో ఉంది, వెనక పేజీల్లో.

2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు తమరి ప్రతిభ మరింత ప్రకాశించింది. ఎటు చూసినా కరెంటు లేదు. ఫోనుకు సందేశం: మీ ఆక్వేరియానికి విద్యుత్తు నిలిచిపోయినట్టుంది. అది తమరు పంపింది కూడా కాదు. తమరి చప్పుడు వినబడక ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్ పంపింది. ఆ వార్త అదే చీకట్లో, స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని తమరి పక్కనే కూర్చున్న నాకు ముందే తెలుసు. ఆ రోజుల్లో చేపలను నిలబెట్టింది బ్యాటరీతో నడిచే చవక గాలి పంపు. నీళ్లు చల్లబడటానికి గంటలు పడుతుంది గాని, కదలని నీళ్లలో ప్రాణవాయువు తగ్గడానికి అంతసేపు పట్టదు. తొట్టెకు దుప్పట్లు చుట్టాం. గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి, సీసాల్లో పోసి, మూతలు బిగించి సంప్‌లో (తొట్టె కింద ఉండే రెండో తొట్టెలో) తేలేశాం. కరెంటు రాగానే తమరు మొట్టమొదట చేసిన పని, ఇన్ని గంటలు తమతో ఎవరూ మాట్లాడలేదని ఫిర్యాదు చేయడం.

ఇంత అన్నాక తమరిని అటక ఎక్కించకపోవడానికి కారణం కూడా చెప్పాలి కదా. హీటర్. దానిలోని థర్మోస్టాట్ కాంటాక్టులు వేల సార్లు అంటుకుని విడిపోతాయి, ఏదో ఒక రోజు అంటుకుని విడిపోవు. ఇక అది ఆగదు, నీళ్లను కాస్తూనే ఉంటుంది. మా ఇంట్లో ఆ రోజు వచ్చింది. తమరు 26.5 దగ్గర సాకెట్‌నే కత్తిరించారు. తొట్టెలో ఒక్క పగడం పోలేదు. ఆ రాత్రి నన్ను నిద్ర కూడా లేపలేదు, తెల్లారి చిట్టాలో చూశాను. అంత పెద్ద పని చేసి ఊరుకున్నవారు, భక్తుల ఊపిరికి మాత్రం ఎందుకు అంత రాద్ధాంతం చేస్తారో తెలియదు. ఇదే పని 40 డాలర్లకు దొరికే ఉష్ణోగ్రత సాకెట్ కూడా చేస్తుందన్న సంగతి తమరికి తెలిస్తే బాధపడతారు.

అందుకే కొత్తగా కొనబోయే మిత్రులు అడిగినప్పుడు నేను తమరి గుణగణాలు వర్ణించను, తమరి మరణం గురించి అడగమంటాను. నెప్ట్యూన్ వారి అపెక్స్ కానీ, జర్మనీ నుంచి వచ్చే జీహెచ్ఎల్ ప్రొఫైలక్స్ కానీ, కోరల్‌వ్యూ వారి హైడ్రోస్ కానీ, రాస్ప్‌బెర్రీ పై మీద సొంతంగా కట్టుకునే రీఫ్-పై కానీ, ఏ వంశంలో పుట్టినా ప్రశ్న ఒకటే. మెదడు ఆగిపోతే ఒక్కో సాకెట్ ఏమవుతుంది? సంప్ నీళ్లను తిరిగి పైకి తోడే రిటర్న్ పంపు వెలిగే ఉండాలి. మంచినీటి పంపు, డోసింగ్ పంపు ఆగిపోవాలి. హీటర్ వెలగవచ్చు, దాని సొంత థర్మోస్టాట్‌ను ఒక డిగ్రీ పైన పెట్టి ఉంటే. ఒకే పెద్ద హీటర్ బదులు రెండు చిన్నవి ఉంటే, ఒకటి పిచ్చెక్కినా నీళ్లను కాచేంత బలం దానికి ఉండదు. ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుందా? ప్రోబ్ పిన్ను ఎవరి ప్రోబైనా పట్టే మామూలు బీఎన్‌సీ రకమేనా, లేక ఆ కంపెనీ ప్రోబే జన్మంతా కొనాలా? ఫోనులో గ్రాఫ్ ఎంత అందంగా ఉంటుందని అడిగేవారితో నేను వాదించను. వారికి గ్రాఫ్ కావాలి, తీసుకోనివ్వండి.

డిసెంబరులో మా మేనకోడలి పెళ్లికి ఊరికి వెళుతున్నాం. అప్పగింతలు ఇవే. హీటర్, మంచినీళ్లు, నేల తడి, ఈ మూడింటి మీదే తమరికి అధికారం. పీహెచ్ అలారం తీసేశాను. పక్కింటాయనకు తాళంతో పాటు ఒక కాగితం ఇచ్చాను, అందులో తమరి పేరు లేదు. పువ్వు విచ్చుకుందా, చేపలు రెండూ కనబడుతున్నాయా, గాలి బుడగలు వస్తున్నాయా అని మాత్రమే ఉంది. అయినా పాత అలవాటు కొద్దీ రాత్రి రెండు గంటలకు తమరికి ఏమైనా తోస్తే మొహమాటపడకుండా పంపండి. రాజమండ్రిలో అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నేను బంతిలో కూర్చుని ఉంటాను, కుడి చెయ్యి ఖాళీ ఉండదు. ఫోను మా అత్తగారి దగ్గర ఉంటుంది. తమరికి చెప్పాల్సింది ఆవిడే చెబుతారు.

ఇట్లు,
తమరి పోషకుడు