లెంట్‌లో మానేసింది సరే, తిరిగిచ్చేది ఎప్పుడు?

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా సాగే క్రైస్తవుల ఉపవాస కాలమే లెంట్. ఆ రోజుల్లో విజయవాడ, గుంటూరు చర్చిల్లో సాయంత్రాలు ఖాళీగా ఉండవు. గుణదల కొండ మీద యేసు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ సిలువ మార్గం చేసే కుటుంబాలు, లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) లాంటి ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఇంటింటా లెంట్ కూటాలు, గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులు. ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు. ఈ భక్తి నిజమైనదే, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నా బాధల్లా ఒక్కటే. ఈ నలభై రోజులూ ఏం మానేశామో లెక్క చెప్పుకుంటున్నాం. మాంసం మానేశాం, సీరియల్స్ మానేశాం, కొత్త బట్టలు కొనలేదు. ఎవరికి ఏం బాకీ పడ్డామన్న లెక్క మాత్రం ఎక్కడా వినపడదు. పశ్చాత్తాపమంటే ఆ రెండో లెక్కే.

జక్కయ్య కథ సండే స్కూల్ పిల్లలకీ తెలుసు. పన్నులు వసూలు చేసేవాడు, పొట్టివాడు, యేసును చూడ్డానికి మేడిచెట్టెక్కాడు, యేసు వాళ్లింటికి వెళ్లాడు. పిల్లలకు అక్కడితో ఆపేస్తాం. లూకా సువార్త 19వ అధ్యాయంలో అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. జక్కయ్య ఏడ్చాడని గానీ, ఉపవాసం ఉన్నాడని గానీ లూకా రాయలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. ఆ మాట అన్నాకే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు యేసు. అంతకుముందున్న ధర్మశాస్త్రమూ ఇదే చెప్పింది. పాపం ఒప్పుకున్నవాడు తీసుకున్నది తిరిగిచ్చి, పైన ఐదో వంతు కలపాలని సంఖ్యాకాండం 5వ అధ్యాయం. ఒప్పుకోవడం, చెల్లించడం రెండూ ఒకే వచనంలో ఉన్నాయి. మనం మొదటిది ఉంచుకుని రెండోది వదిలేశాం.

గుంటూరులో లెంట్ సరిగ్గా మిర్చి సీజన్‌లో వస్తుంది. కోల్డ్ స్టోరేజీల చుట్టుపక్కల షెడ్లలో ఆడవాళ్లు ముక్కుకీ నోటికీ కొంగు బిగించి కట్టుకుని, పొద్దుటి నుంచీ నేల మీద కూర్చుని తొడిమలు తీస్తారు, తాలు కాయలు ఏరతారు. వేళ్ల మంట సబ్బుతో కడిగినా పోదు. ఇంటికెళ్లి చంటిబిడ్డను ఎత్తుకోవాలన్నా, ఆ చెయ్యి ఎక్కడ కంట్లో తగులుతుందోనని భయం. వాళ్లలో ఎందరో అవే చేతులు జోడించి సాయంత్రం లెంట్ కూటంలో కూర్చుంటారు. వాళ్ల కూలి మేస్త్రి చేతికొచ్చి, అక్కడి నుంచి వాళ్ల చేతికి రావాలి. 'సరుకు కదిలాక చూద్దాం' అనే మాట ఈ పనుల్లో ఎవరికీ కొత్త కాదు.

ఏనాటి కూలి ఆనాడే, పొద్దు గూకక ముందే ఇమ్మంటుంది ద్వితీయోపదేశకాండం. చేలు కోసినవాళ్లకి ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొరపెడుతోందన్నాడు యాకోబు. ఉపవాసం ఉన్న రోజునే పనివాళ్లను పీడించే భక్తుల మీద యెషయా 58వ అధ్యాయం మండిపడుతుంది. లెంట్ మొదలైన వారంలోనే కతోలిక గుడుల్లో ఆ అధ్యాయం చదువుతారు. చదివాక బెంచీల్లో ఉన్నవాళ్లను 'ఎవరి కూలైనా ఆపారా' అని అడగాలి కదా? చర్చి కూడా యజమానే. గుడి ఊడ్చే మనిషికీ, వాచ్‌మన్‌కీ, చర్చి బడిలో తాత్కాలిక టీచర్‌కీ జీతం ఎప్పుడందుతోందో ఈ నలభై రోజుల్లో కమిటీ ఒక్కసారైనా చూసుకోవాలి.

లెంట్ దేవుడికీ మనిషికీ మధ్య సంగతని, ఉపవాసం రహస్యంగా ఉండాలని మత్తయి 6లో యేసే చెప్పాడని, ఇందులోకి కూలీ కులమూ లాగితే అది రాజకీయమవుతుందని అనేవాళ్లున్నారు. ఉపవాసం రహస్యంగానే ఉండాలి, కాదనను. బాకీ మాత్రం రహస్యంగా తీరదు. అప్పు పెట్టినవాడికి తెలియకుండా అప్పు ఎలా తీరుస్తాం? గుంటూరు లూథరన్లకు ఇది మరీ గుర్తుండాలి. 1842లో అమెరికా నుంచి మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చి పునాది వేసిన సంఘం వాళ్లది. ఆ సంఘానికి పేరిచ్చిన జర్మన్ సంస్కర్త లూథర్, చర్చి తీరును ప్రశ్నిస్తూ 1517లో రాసిన 95 వాదాల్లో మొట్టమొదటిదే, విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపంగా ఉండాలని.

ఇక మనం ఒప్పుకోలులో ఎన్నడూ పలకని పాపం ఒకటుంది. కులం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు, మనకు తెరవలేదు. ఇది అన్యాయం. హోదా ఇవ్వాలని 2023 మార్చిలో మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. ఢిల్లీలో సుప్రీంకోర్టు ముందు మన వాదనేమిటి? మతం మారినా కులం వదల్లేదని, చర్చిలోనూ వివక్ష ఉందని. అది అక్షరాలా నిజం. మరి అదే నిజాన్ని మన గుడిలో, దేవుడి ముందు ఎందుకు చెప్పం? న్యాయమూర్తుల ముందు సాక్ష్యంగా పెట్టే మాట బలిపీఠం ముందు పాపంగా ఎందుకు ఒప్పుకోం? ఒక్కో చోట మాలలకో చర్చి, మాదిగలకో చర్చి. పైకులాల నుంచి వచ్చిన విశ్వాసుల పెళ్లి ప్రకటనలో 'క్రిస్టియన్' పక్కనే కులం పేరు. కొన్ని ఊళ్లలో చనిపోయాక కూడా సమాధుల దొడ్లు వేరు. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచి తిని, వియ్యమందే దగ్గర వెనక్కి తగ్గేవాళ్లం నలభై రోజులు మాంసం మానితే ఎవరి బాకీ తీరినట్టు?

హోదా కోసం పోరాటం ఆగాలని నేననడం లేదు, ఇంకా గట్టిగా సాగాలి. దాంతోపాటు ఈ లెంట్ ముగిసేలోగా ప్రతి సంఘ కమిటీ మూడు పనులు చేయాలి. గుడి పనివాళ్ల జీతం బకాయిలు ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం లోపు తీర్చాలి. కూలి ఆపిన విశ్వాసి దాన్ని ఐదో వంతు కలిపి ఇచ్చాకే ప్రభువు బల్ల దగ్గరికి రావాలని పాస్టరు, ఫాదరు పుల్పిట్ నుంచి చెప్పాలి. కులాన్ని బట్టి వేరు చేసిన సమాధుల దొడ్డి ఉన్న ప్రతి ఊళ్లో, ఇకపై వరసలో ఎవరి తర్వాత ఎవరు పోతే వాళ్లనే పక్కపక్కన పాతిపెడతామని తీర్మానం రాసి సంతకాలు పెట్టాలి. ఒక్క సాయంత్రం కూటం చాలు దీనికి.