రాని బాకీల విద్యాలయం

మన జిల్లాల్లో కామర్స్ చదువుకు ప్రాక్టికల్స్ లేవని, పుస్తకంలో ఉన్నది బతుకులో ఎక్కడా కనిపించదని ఒక నింద చాలాకాలంగా ఉంది. పత్రికల్లో వ్యాసాలు రాసే మేధావులు, ఉద్యోగాలిస్తామని వచ్చి టీ తాగి ఒక్కరినీ తీసుకోకుండా వెళ్లిపోయే కంపెనీ ప్రతినిధులు, మేనల్లుడు ఇంజనీరింగులో చేరలేదని ఇప్పటికీ కుమిలిపోయే మేనమామలు, అందరిదీ ఇదే పాట. నల్లగొండలో ఒక ప్రైవేటు కళాశాలలో ఆర్థిక నిర్వహణ (పిల్లలు ఎఫ్‌ఎం అంటారు) బోధించి పొట్టపోసుకుంటున్నవాడిగా ఈ నిందను తీవ్రంగా ఖండిస్తున్నాను. పొట్ట పూర్తిగా నిండటం లేదన్నది వేరే విషయం, దాని దగ్గరికి వస్తాను. కెమిస్ట్రీ వాళ్లకు ప్రయోగశాల ఒక గదిలో ఉంటుంది. మాకు కళాశాల యావత్తూ ప్రయోగశాలే.

మా కోర్సులో గుండెకాయ లాంటి అధ్యాయం నిర్వహణ మూలధనం, అంటే రోజువారీ వ్యవహారం నడవడానికి కావలసిన డబ్బు. అందులో రావలసిన బాకీల నిర్వహణ ఒక భాగం. ఇతర రాష్ట్రాల పిల్లలు దీన్ని ఏదో సబ్బుల కంపెనీ ఉదాహరణతో చదువుకుంటారు. మా పిల్లలకు ఆ ఖర్మ లేదు. తామే ఉదాహరణ. ఫీజు రీయింబర్స్‌మెంట్ అని ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి ఒక మంచి పథకం నడుస్తోంది. పేదింటి పిల్లవాడు ఫీజు కట్టకుండా చేరతాడు, వాడి తరఫున సర్కారు కళాశాలకు తరవాత చెల్లిస్తుంది. పథకంలో మొదటి సగం ఏటా ఠంచనుగా అమలవుతోంది. రెండో సగం కోసమే 2025 నవంబరులో రాష్ట్రమంతటా ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసుకుని బంద్ చేశాయి. బిల్లు పాసైందని చెప్పే టోకెన్లు అడపాదడపా వస్తాయి. ట్రెజరీ నుంచి టోకెన్ వచ్చిందంటే డబ్బు వచ్చినట్టే, డబ్బు ఒక్కటి తప్ప. మా యాజమాన్యం వాటిని దేవుడి పటం వెనక భద్రంగా దాస్తుంది.

బాకీలను వయసు వారీగా విడదీసి చూడాలని పుస్తకం చెబుతుంది. ముప్పై రోజుల లోపు ఒక గడి, అరవై లోపు ఒకటి, తొంభై లోపు ఇంకొకటి, ఆపైన చివరిది. మా కళాశాల లెక్కలతో ఆ పట్టిక వేయిస్తే మొదటి మూడు గడులూ ఖాళీగా ఉండి, చివరి గడిలో అంకెలు పట్టక పక్కకు పొర్లాయి. వెనక బెంచీ పిల్లవాడు లేచి రోజులకు బదులు విద్యాసంవత్సరాల చొప్పున గడులు గీద్దామన్నాడు. ఇలాంటి సృజనాత్మకత సబ్బుల కంపెనీతో వస్తుందా? ఇంకో మాట. వడ్డీగానీ అసలుగానీ గడువు తీరి 90 రోజులు దాటితే ఆ అప్పును నిరర్థక ఆస్తిగా బ్యాంకులు లెక్కగడతాయి. ఆ కొలతలో చూస్తే మా విద్యార్థి మొదటి సెమిస్టర్ పరీక్ష రాయకముందే నిరర్థక ఆస్తి అయిపోతాడు. ఇంట్లో తండ్రి ఎప్పటినుంచో చెబుతున్న మాటకు రిజర్వు బ్యాంకు ఆమోదం దొరికినట్టే.

డబ్బుకు కాలవిలువ ఉంటుందన్నది రెండో పాఠం. నేటి రూపాయి రేపటి రూపాయి కన్నా విలువైనది. దీన్ని బోధించడానికి మాకు పట్టికలు కూడా అక్కర్లేదు. ఒక్కో విద్యార్థికి 30,000 రూపాయలు రావాలనుకుందాం, అవి మూడేళ్లు ఆలస్యంగా వచ్చాయనుకుందాం. ఊళ్లో సాధారణంగా నడిచే రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం చొప్పున వెనక్కి లెక్కిస్తే ఆ 30,000 ఈ రోజు విలువ సుమారు 15,700. అరవై మంది ఉన్న తరగతిలో పద్దెనిమిది లక్షలు కాస్తా తొమ్మిదిన్నర లక్షల లోపుకు కుంగిపోతాయి. మిగతా సగం ఎటు పోయింది సార్ అని అడిగారు. ఎటూ పోలేదు, కాలగర్భంలో ఉందని చెప్పాను. రాసుకున్నారు.

ఆ తరవాత రిస్కు. ఎంత రిస్కుకు ఎంత రాబడి రావాలో లెక్కగట్టే ఆస్తుల ధర నమూనా, 1964లో విలియం షార్ప్ ప్రతిపాదించినది, ఇవాళ ప్రతి కళాశాలలో పాఠం. ఆ లెక్క మొదలయ్యేదే రిస్కు లేని రాబడి నుంచి. రిస్కు లేనిది అంటే, సర్కారుకు ఇచ్చిన అప్పు. సర్కారు ఎగవేయదు గనుక. ఇది చెబుతుండగా ముందు బెంచీ అమ్మాయి చాలా వినయంగా లేచింది.

“సార్, మా ఫీజు కూడా సర్కారే కట్టాలి కదా. అది కూడా రిస్కు లేనిదేనా?”

“రిస్కు లేదమ్మా” అన్నాను. “రాబడి కూడా లేదు.”

అందుకే మా అకౌంటెంటు ఆ బాకీని ఏ పద్దు కింద వేయాలో తేలక ఏటా మార్చిలో నీళ్లు నములుతాడు. రానున్న నష్టాన్ని ముందే గుర్తించాలని అకౌంటింగ్ సూత్రం. సంశయాత్మక బాకీల కింద, అంటే వస్తాయో రావో తెలియనివాటి కింద వేస్తే సర్కారును శంకించినట్టు, వేయకపోతే సూత్రాన్ని శంకించినట్టు. ఆడిటర్ వచ్చి పేజీ తిప్పేస్తాడు.

చెల్లించవలసిన బాకీల పాఠం మాత్రం నా ప్రత్యేకత. అప్పు ఇచ్చినవాళ్లను మాట పోకుండా ఎంతవరకు సాగదీయగలమో అంతవరకు సాగదీయడం మంచి మేనేజరు లక్షణమని పుస్తకం అంటుంది. అలా సాగదీసిన అప్పుకు వడ్డీ ఉండదు, తాకట్టు ఉండదు, దరఖాస్తు ఉండదు. మా కళాశాలలో ఆ అప్పు ఇచ్చినవాళ్లం మేమే, అధ్యాపకులం. జీతం అడిగితే “సర్కారు ఇవ్వగానే మీకే మొదట” అంటారు. అదే మాట కరెంటు బిల్లువాడికీ, భవనం యజమానికీ కూడా చెప్పారని తరవాత తెలిసింది. మొదట ఇవ్వవలసినవాళ్లు ఇంతమంది ఉన్న సంస్థ జిల్లాలో మరొకటి ఉండదు. మొన్న ఈ అధ్యాయమే చెబుతుండగా బల్లమీద ఫోను గుర్రుమంది. ఖాతాలో డబ్బు లేనందున బండి కిస్తీ వెనక్కి వెళ్లిందని, అందుకు రుసుము వేశామని బ్యాంకు వారి సందేశం. ఫోనును బోర్లా పెట్టి, బోర్డు మీద ‘ఉచిత నిధుల మార్గం’ అని రాసి దాని కింద రెండు గీతలు గీశాను. ఇంతకన్నా సజీవ బోధన ఎవరు చేయగలరు?

సిద్ధాంతం విషయంలో మేం వెనకబడ్డామనుకుంటే అదీ పొరపాటే. 1958లో మోదిగ్లియానీ, మిల్లర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పెట్టుబడి ఎక్కడినుంచి తెచ్చావన్నదానితో వ్యాపారం విలువ మారదని నిరూపించారు. పన్నులు లేవు, దివాలా ఖర్చులు లేవు వంటి కొన్ని షరతుల మీద. ఇద్దరికీ నోబెల్ వచ్చింది, ఒకరికి 1985లో, ఇంకొకరికి 1990లో. మన దగ్గర ప్రకాశం బజారులో దుకాణం తెరిచేవాడి పెట్టుబడి చూస్తే భార్య పుస్తెలతాడు మీద కొంత, ఎత్తిన చిట్టీ పాట కొంత, బావమరిది చేబదులు కొంత. ఆ సిద్ధాంతం షరతుల్లో బావమరుదులు లేరనే షరతు కూడా రాసి ఉండాల్సింది. దసరాకు ఇంటికొచ్చి పీట మీద కూర్చుని ‘దుకాణం ఎట్లా నడుస్తోంది బావా’ అని అడిగే అప్పుకూ, బ్యాంకు అప్పుకూ తేడా లేదని పిల్లలతో కంఠస్థం చేయిస్తున్నాం. పది మార్కులు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పుస్తకంలో ‘2/10, నెట్ 30’ అని ఒక షరతు ఉంటుంది. సరుకు కొన్నవాడు పది రోజుల్లో కడితే రెండు శాతం తగ్గింపు, లేకపోతే ముప్పై రోజులకు మొత్తం. ఆ తగ్గింపును వదులుకుంటే ఏడాదికి ఎంత వడ్డీ పడుతున్నట్టు? దీనికి ఒక సూత్రం ఉంది. రెండును తొంభై ఎనిమిదితో భాగించి, 365ను ఇరవైతో భాగించి, రెండింటినీ గుణించాలి. 37.2 శాతం వస్తుంది. నేను ఇంకా సూత్రం రాస్తుండగానే సూర్యాపేట వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు “మూడు రూపాయల వడ్డీకి కొంచెం ఎక్కువ సార్” అన్నాడు. ఎట్లా చెప్పావంటే, “మార్కెట్‌లో వడ్లు అమ్మితే తక్‌పట్టీ అని లెక్క చీటీ ఇస్తారు సార్, డబ్బులు ఇరవై రోజులకు. ఇప్పుడే కావాలంటే నూటికి రెండు కోసుకుంటారు. ఇరవై రోజులకు రెండంటే నెలకు మూడే కదా. పైగా మనకు ముట్టేది తొంభై ఎనిమిదే.” కాలిక్యులేటర్ తీయలేదు, కాగితం తీయలేదు. గోడకు ఆనుకుని చెప్పాడు. ఆ కోత లెక్క వాడు ఏడో తరగతిలోనే తండ్రి పక్కన, బస్తాల మీద కూర్చుని నేర్చుకున్నాడు.

సెమిస్టర్ చివర అదే ప్రశ్న వచ్చింది. వాడు రెండు వాక్యాల్లో సరైన జవాబు రాశాడు. నిర్వచనం లేదు, ప్రాముఖ్యం లేదు, ‘ప్రయోజనాలు – లోపాలు’ లేవు, జవాబు చుట్టూ డబ్బా గీయలేదు. పదికి నాలుగు వచ్చాయి. వాడి పక్కవాడు ఆల్ ఇన్ వన్ గైడులో ఉన్న నాలుగు పేజీలు అచ్చుతప్పులతో సహా దింపి, చివర్లో 3.72 శాతం అని రాసి ఎనిమిది తెచ్చుకున్నాడు. రైతు బిడ్డ బస్తాల మీద నేర్చుకున్నదాన్ని మూడేళ్లు కష్టపడి మరిపించి, దాని స్థానంలో డబ్బా గీయడం నేర్పడం సామాన్యమైన పని కాదు. విమర్శకులు ఈ శ్రమను గుర్తించాలి.

ఇక తాకట్టు రుణాలు. మా ఆఫీసు గదిలో ఆకుపచ్చ ఇనుప బీరువా ఒకటి ఉంది. తలుపు సరిగా పడదు కాబట్టి పిడికి తాడు కట్టి కిటికీ ఊచకు ముడేశారు. లోపల గోధుమరంగు కవర్లు, ఒక్కోదాని మీద ఎర్ర సిరాతో హాల్ టికెట్ నంబరు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ. నల్లగొండ జిల్లా పిల్లల భవిష్యత్తు కొంత భాగం ఆ తాడు మీద ఆధారపడి ఉంది. ఉద్యోగం వచ్చిందనో, పైచదువుకు వెళ్తామనో పిల్లలు సర్టిఫికెట్లు అడిగితే “సర్కారు ఇచ్చేవరకు మీరు కట్టండి, వచ్చాక మీకు తిరిగిస్తాం” అంటారు. పాలమూరులో వలస కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ ముందు అడ్వాన్సు చేతిలో పెట్టి తరవాత మనిషిని కట్టేసుకునేవాడు. మేం అడ్వాన్సు కూడా ఇవ్వకుండానే ఆ పని చేయగలుగుతున్నాం. విద్యారంగంలో ఇది మామూలు పురోగతి కాదు.

ఇప్పుడు ఈ మొత్తం వ్యవస్థను కాస్త ఎత్తు నుంచి చూడమని కోరుతున్నాను. సర్కారు కళాశాలకు బాకీ. దానికి వడ్డీ సున్నా. కళాశాల నాకు బాకీ. దానికీ సున్నా. నేను కిరాణా కొట్టులో ఉద్దెర. అతను మొహమాటానికి వడ్డీ అడగడు, బియ్యంలో సర్దుకుంటాడు. విద్యార్థి తండ్రి సర్టిఫికెట్ విడిపించడానికి అడ్తీదారు (మార్కెట్‌లో పంట అమ్మిపెట్టే కమీషను వ్యాపారి) దగ్గర తెచ్చేది మాత్రం మూడు రూపాయలకు, ఏడాదికి 36 శాతం. అంటే హైదరాబాదులో సున్నా వడ్డీతో పుట్టిన అప్పు నార్కట్‌పల్లి దాటి దేవరకొండ పల్లెకు చేరేసరికి ముప్పై ఆరు శాతం వడ్డీ మోస్తోంది. పెట్టుబడి వ్యయాన్ని ఇంత దూరం తోసి, ఇంత కింద దించి, తన లెక్కల్లో ఎక్కడా కనబడకుండా చేసిన ఫైనాన్స్ మేనేజరును నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు. అమెరికా కంపెనీల ఉదాహరణలు తీసేసి ఈ ఒక్కదాన్నే సెమిస్టరంతా చెప్పాలని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయానికి, పాలమూరు విశ్వవిద్యాలయానికి నా విన్నపం.

సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వవలసిన డబ్బు 45 రోజులు దాటనివ్వరాదని, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీతో కట్టాలని 2006లోనే పార్లమెంటు చట్టం చేసింది. అది కూడా మా సిలబస్‌లో ఉంది. షార్ట్ ఆన్సర్, మూడు మార్కులు. ఏటా వస్తుంది కాబట్టి ఎవరూ వదలరు.

పోయిన వారం దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కూతురికి హైదరాబాదులో ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం వచ్చింది, ఒరిజినల్స్ సోమవారంలోగా చూపించాలి. నోట్లు లెక్కపెట్టి క్లర్కుకు ఇచ్చాడు. తాడు విప్పారు, కవరు ఇచ్చారు, దాంతోపాటు ఒక రసీదు కూడా: ‘ప్రభుత్వం నుంచి మంజూరైన పిదప తిరిగి చెల్లించబడును.’ తేదీ గడి ఖాళీగా ఉంది. పెద్దాయన దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, క్లర్కును వదిలేసి, కామర్స్ సారునని తెలిసి నా దగ్గరికి వచ్చాడు.

“సార్, కొంత తగ్గించుకునైనా సరే, ఈ కాగితం తీసుకుని ఇప్పుడే డబ్బులిచ్చేవాళ్లు ఎవరైనా ఉంటారా?”

ఉంటారు. దాన్నే బిల్లుల డిస్కౌంటింగ్ అంటారు, పక్కనే ఫ్యాక్టరింగ్ కూడా ఉంటుంది. రెండూ నాలుగో యూనిట్‌లో ఉన్నాయి. ఆ యూనిట్ పోర్షన్ ఇంకా కాలేదని చెప్పి పంపాను.