లేబుల్ మీద కనిపించని డయాక్సేన్

బాడీ వాష్ సీసా వెనక్కి తిప్పి చదవండి. చాలావాటిలో నీళ్ల తర్వాత వచ్చే పేరు సోడియం లారెత్ సల్ఫేట్, పొట్టిగా ఎస్‌ఎల్‌ఈఎస్. నురగ రావడం, జిడ్డు వదలడం దాని పనే. చిక్కదనం మాత్రం చాలావరకు అందులో కలిపే మామూలు ఉప్పు చలవ. ఆ ఉప్పు కాస్త ఎక్కువైతే మళ్లీ పలచబడిపోతుంది. కాబట్టి చిక్కగా ఉంది కదా అని సరుకు ఎక్కువుందనుకోవద్దు.

దీని దగ్గరి చుట్టం సోడియం లారిల్ సల్ఫేట్. అది క్యాన్సర్ తెస్తుందని 1990ల చివర్లో ఈమెయిళ్లలో పుట్టిన పుకారు ఇంకా చావలేదు. దానికి ఆధారం లేదు. చర్మాన్ని మండిస్తుందన్నది మాత్రం నిజం. పరిశోధనల్లో కావాలని చర్మాన్ని ఎర్రబరచాలంటే వాడేది దాన్నే. ఆ ఘాటు తగ్గించడానికి లారిల్ ఆల్కహాల్‌కు ముందు ఇథిలీన్ ఆక్సైడ్ పట్టించి, తర్వాత సల్ఫేట్‌గా మార్చి లారెత్ చేస్తారు.

నా అభ్యంతరం ఇక్కడే. ఆ తయారీలో 1,4-డయాక్సేన్ అనే రసాయనం కొద్దికొద్దిగా పుడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2బి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. ఎవరూ కావాలని కలపరు కాబట్టి లేబుల్ మీద దాని పేరుండదు. వాక్యూమ్‌లో ఆవిరి పట్టి చాలావరకు తీసేయొచ్చు. కాకపోతే దానికి ఖర్చు పెట్టాలి.

ఒళ్లు రుద్దుకుని కడిగేసుకునే మనిషికి ఆ పిసరంత వల్ల ముప్పు తక్కువే. నా టెన్షన్ అంతా కాలవలోకి పోయే నీళ్ల గురించి. డయాక్సేన్ నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది, మామూలు మురుగు శుద్ధితో సరిగా పోదు. లాంగ్ ఐలాండ్ జనం తాగే భూగర్భ జలాల్లో అది తేలాకే న్యూయార్క్ రాష్ట్రం 2019లో చట్టం చేసింది. బాడీ వాష్‌లకు 2022 చివరికి 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో రెండు), 2023 చివరికి 1 పీపీఎం మించకూడదంది. హైదరాబాద్ స్నానాల నీళ్లు మూసీలో కలుస్తాయి. దిగువన రైతులు ఆ నీళ్లతోనే వరి పండిస్తున్నారు.

'సల్ఫేట్ లేదు' అన్న స్టిక్కర్ దీనికి జవాబు కాదు. అలాంటి సీసాల్లో తరచూ కనిపించే కోకమిడోప్రొపైల్ బీటైన్ అనే మరో నురగ పదార్థాన్ని అమెరికా చర్మ అలర్జీ వైద్యుల సంఘం 2004లో ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది.

స్నానపు సబ్బు రేపర్ మీద టీఎఫ్‌ఎం (మొత్తం కొవ్వు పదార్థం) 76 శాతం అని చదివి కొనడం మన జనానికి అలవాటే. బాడీ వాష్ సీసా మీద డయాక్సేన్ ఎన్ని పీపీఎం ఉందో కూడా అలాగే అచ్చు వేయించాలి, ఆ అంకెను ప్రభుత్వ ల్యాబ్‌లు సరిచూడాలి.