పీరియడ్ సినిమా గారికి, మా పడక్కుర్చీ విషయమై

మహారాజశ్రీ పీరియడ్ సినిమా గారి సముఖమునకు,

కోనసీమ నుంచి ఓ ప్రేక్షకురాలు రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మా పడక్కుర్చీ తప్ప అందరం క్షేమం. తమరు మొదటి వారం బాగానే ఆడుతున్నారని విన్నాం, సంతోషం.

నిన్న మ్యాట్నీకి తమ దర్శనం చేసుకున్నాం. ఎనభై నాలుగేళ్ళ మా అత్తయ్యగారిని ఆటో ఎక్కించి, హాలు మెట్ల దగ్గర ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని, ఎలాగోలా సీట్లో కూర్చోబెట్టాం. ఆవిడ సినిమా హాల్లో అడుగుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. తమ కథ కోసం రాలేదండి, ఏమీ అనుకోకండి. మా కుర్చీని చూసుకుందామని వచ్చాం.

గుర్తు లేదా? ముందటేడు సంక్రాంతి వెళ్ళిన వారానికి తమ ఆర్ట్ డిపార్టుమెంటు కుర్రాళ్ళు ముగ్గురు మా మండువా ఇంటికొచ్చారు. "మామ్మగారూ, 1922 నాటి కథండి, మీ ఇల్లు అచ్చు గుద్దినట్టుందండి" అన్నారు. అరుగు గోడకి మసిరంగు పూసి, పైన 'పోలీసు ఠాణా' అని రాశారు. (ఆ రంగు ఇప్పటికీ వదల్లేదు. పోస్టుమాను వచ్చినప్పుడల్లా సెల్యూట్ కొట్టి మరీ ఉత్తరం ఇస్తాడు.) వెళ్తూ వెళ్తూ మావయ్యగారి పడక్కుర్చీ మీద కన్నేశారు. కలెక్టరు దొర కూర్చోడానికి కావాలట, శివరాత్రికల్లా తెచ్చి అప్పజెప్పేస్తారట. ఏ శివరాత్రో మేం అడగలేదు, మాదే పొరపాటు. అద్దె ఇస్తామంటే అత్తయ్యగారు వద్దన్నారు, పైగా పూతరేకులు పెట్టి పంపారు. రసీదు మాత్రం ఇచ్చారు లెండి: 'పాత కుర్చీ 1'.

ఆ పాత కుర్చీ ఒకటి ఎలాంటిదో చెప్తాను, వినండి. టేకు. కూర్చునేచోట పేము అల్లిక. చేతులు రెండూ ముందుకి తిప్పుకుంటే కాళ్ళు బార్లా చాపుకోవచ్చు. కుడిచేతి మీద కాఫీగ్లాసు పెట్టీ పెట్టీ పడిన గుండ్రటి మచ్చ. ముందు ఎడంకాలికి, నేల నుంచి జానెడు పైన, కత్తితో చెక్కిన గీత. 1986 ఆగస్టు వరదకి నీళ్ళు ఇంట్లోకి వచ్చేస్తే, ఇల్లు వదిలి రానని మావయ్యగారు ఆ కుర్చీలోనే కాళ్ళు పైన పెట్టుకుని కూర్చున్నారు. నీళ్ళు తీశాక కూరల కత్తితో ఆయనే గీశారు. నేను కాపరానికొచ్చిన రెండో ఏడు. పక్కన దీపం పట్టుకున్నది నేనే.

మర్నాటేడు జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. వెదురుబొంగుకి ఏంటెనా కట్టి, బ్లాక్ అండ్ వైట్ టీవీ హాల్లో పెడితే వీధి వీధంతా మా ఇంట్లోనే. మావయ్యగారు మామూలుగా కాళ్ళు చాపుకునే చూసేవారు. తెర మీదకి రాముడు రాగానే కుర్చీ చేతులు లోపలికి మడిచి కాళ్ళు కిందకి దించేవారు. రావణుడొస్తే మళ్ళీ చాపేవారు. 1988లో శ్యామ్ బెనెగల్ 'భారత్ ఏక్ ఖోజ్' వచ్చింది, నెహ్రూ గారి పుస్తకం 53 భాగాలుగా. ఈయనకి హిందీ ముక్క రాదు. మొదట్లో వినపడే రుగ్వేద మంత్రానికి పక్కింటి శాస్త్రిగారు అర్థం చెప్పేవారు. ఆ తరవాత మొగలాయీలైనా మరాఠాలైనా ఈయన లెక్కలో తలపాగాలవాళ్ళే. అయినా ఒక్క వారం మానలేదు. "దేశం కథ చెప్తున్నాడ్రా, అర్థం కాకపోతే మాత్రం లేచిపోతామా" అనేవారు. 1996 నవంబరు తుపానుకి పెంకులు లేచిపోయి ఆ టీవీ తడిసి చచ్చింది. కుర్చీకి ఏమీ కాలేదు.

తమరూ దేశం కథే చెప్తారని కూర్చున్నాం. ఇంటర్వెల్ దాకా తమరు చేసిన ఘనకార్యాలు క్లుప్తంగా మనవి చేసుకుంటాను. 1922లో హీరో కండలు జిమ్ములో పెంచినవి. డ్రోను గోదారి మీద ఎగురుతుంటే వెనకాల కనపడింది తొంభైల్లో కట్టిన ఆర్చీల వంతెన. 1900 నాటి హేవలాక్ వంతెన ఆ దగ్గర్లోనే ఉంది, కెమెరా ఇంత తిప్పితే సరిపోయేది. ఊళ్ళో ప్రతివాడూ మాటకి ముందొకటీ వెనకొకటీ 'ఆయ్' అంటాడు. మేం మరీ అన్నిసార్లు అనమండీ, ఆయ్.

రెండో సగంలో వచ్చింది కుర్చీ. దొర కూర్చున్నాడు. "అమ్మాయ్, అదిగో మీ మావయ్యగారి కుర్చీ!" అన్నారు అత్తయ్యగారు, హాలంతా వినపడేలా. ముందు వరసలో కుర్రాళ్ళు ఈల వేశారు. తమ కెమెరా దొర బూట్ల దగ్గర మొదలై మెల్లిగా పైకి లేచింది. ఆ బూటు పక్కన, తెర మీద బారెడు పొడుగున, మా గీత. 1922లో కలెక్టరు కుర్చీ కాలికి 1986 వరద గీత! అరవై నాలుగేళ్ళు ముందే గోదారి వచ్చి సంతకం పెట్టి వెళ్ళిందన్నమాట. మూడు గంటల సినిమాలో నిజంగా జరిగిందంటూ ఉన్నది అదొక్కటే. తమకి మాత్రం అదేమిటో తెలీదు.

మరుక్షణం హీరో కుర్చీని ఒంటిచేత్తో లేపి దొర నెత్తిన బాదాడు. అప్పడంలా ముక్కలైంది. హాల్లో కాయితాలు ఎగిరాయి.

ఏమయ్యా సినిమా, ఇంక తమరూ గిమరూ నా వల్ల కాదు. నీకు తెల్లవాడంటే కొరడా, మేమంటే దెబ్బలు తింటూ హీరో కోసం ఎదురుచూసే మంద. మా దగ్గర కథ అంత తేలిగ్గా తెమలదు. 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకి ఇక్కడ విగ్రహాలున్నాయి, గోదారి స్నానం చేస్తూ ఆయన్ని శ్లోకంలో తలుచుకునేవాళ్ళున్నారు. "కాలవలు తవ్వింది శిస్తు కోసమేరా" అని మావయ్యగారే అనేవారు. అంటూనే ఆ విగ్రహం ముందు చెప్పులు విడిచేవారు. అది తియ్యి, చూద్దాం. 1907లో బెంగాల్ స్వదేశీ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చాడు, వందేమాతరం గొడవలో అక్కడ చదువుకుంటున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుని కాలేజీ నుంచి గెంటేశారు. ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మగారు సహాయ నిరాకరణ రోజుల్లో జైలుకెళ్ళారు. అదిగో నీ 1922. ఆవిడ ఎవర్నీ కుర్చీ పెట్టి కొట్టలేదని వదిలేశావా?

1939లో గూడవల్లి రామబ్రహ్మం గారు 'రైతుబిడ్డ' తీస్తే జమీందార్లకి కాలింది, ప్రభుత్వం నిషేధం పెట్టింది. అప్పటికి జమీందార్లూ ఉన్నారు, తెల్లవాడూ ఉన్నాడు. ఎప్పుడో చచ్చిన దొరని ఇప్పుడు తన్నడానికి ఏపాటి గుండె కావాలి? పైగా మొదట్లో 'పాత్రలూ సంఘటనలూ కేవలం కల్పితం' అని కార్డొకటి. మరి కుర్చీ కూడా కల్పితమే వాడుకోలేకపోయావా? మా ఊరి పేరు కృతజ్ఞతల్లో వేస్తానన్నావు. వేశావు, రెండక్షరాల తప్పుతో. అది వేరే జిల్లాలో ఇంకెవరిదో ఊరు.

ఇంత తిట్టినా నీ మీద పూర్తిగా కోపం నిలవదు, అదీ మా ఖర్మ. గోదారి మాకు రోజూ కనపడేదే గానీ, అది చూడదగ్గదని చెప్పింది మీవాళ్ళే. 1964లో 'మూగ మనసులు' వచ్చిన కొత్తలో అత్తయ్యగారు రేవు దాటినప్పుడల్లా జమునలా పడవ అంచున కూర్చునేవారట, సరంగు కేకలేసేవాడట. కుమారదేవంలో ఆ నిద్రగన్నేరు చెట్టు కింద మీవాళ్ళు ఎన్ని పాటలు తీశారో! 2024 ఆగస్టులో అది ఒరిగిపోయిందని వింటే ఇంట్లో మనిషి పోయినట్టు ఆ పూట ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు.

నిన్న తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. కాలవ వంతెన దాటాక అన్నారు:

"విరిగింది మనది కాదే అమ్మాయ్. మనది టేకు. అలా విరగదు."

నిజమే. విరిగింది నీ బెండు కుర్చీ. గీత ఉన్నది మాది. అంటే మాది ఎక్కడో ఉంది, హైదరాబాదులో ఏ గోడౌన్లోనో, చెక్క తుపాకులకీ సింహాసనాలకీ మధ్యన. నువ్వు ఫోన్లోకి వచ్చాక ఆ బూట్ల దగ్గర ఆపి చూపించాలని ఆవిడ అప్పుడే మనవడి దగ్గర మాట తీసుకున్నారు. ఈలోగా నీకు ఇంకే షూటింగుకైనా కావాలంటే కానిచ్చుకో. తీరిక చూసుకుని పంపు. రావులపాలెంలో దింపినా చాలు, అక్కణ్ణుంచి ఆటో కిరాయి మేమే పెట్టుకుంటాం. పేము చిరిగినా పర్లేదు, అల్లేవాళ్ళు ఇంకా ఉన్నారు.

గీత మీద మాత్రం పాలిష్ కొట్టించొద్దు.

ఇట్లు,
'పాత కుర్చీ 1' తాలూకు మనిషి